ఎనిమిది గళ్ల పాట

మా బావ దినాలకు అర్ధవీడు పోయిన రోజు, భోజనాలై జనం పలచబడ్డాక, ఎప్పుడొచ్చినా వసారా దాటని నేను దాహమేసి వంటింటి మూలనున్న నీళ్లకుండ దగ్గరికి వెళ్లాను. కుండ మీద మూతగా ఒక నల్ల పలక ఉంది. మా వైపు ఇది వింతేమీ కాదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో అంచు విరిగిందని పక్కన పడేసిన రాళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో కుండ మూతలవుతాయి, మెట్లవుతాయి, పొయ్యి పక్కన పీటలవుతాయి. పలక ఎత్తి, చెంబు ముంచి, మూత తిరిగి పెట్టబోతూ ఆగిపోయాను. దాని మీద మేకుతో గీసిన ఎనిమిది గళ్లున్నాయి. ఒక్కో గడిలో ఆరు అంకెలు. కొన్ని అంకెల మీద పైకి చూసే బాణం, కొన్నిటి మీద కిందికి చూసే బాణం, అక్కడక్కడా అంకె చుట్టూ ఒక సున్న. ఆ చేతిరాత నాదే.

“అదేంది మామా, నీళ్లు తాగకుండా మూతను చూస్తా నిలబడినావు?” అంది లక్ష్మి. లక్ష్మి మా అక్క కూతురు. బేస్తవారిపేటలో కుట్టుపని చేసుకుంటుంది. తండ్రి దినాలకని వారంగా పుట్టింట్లోనే ఉంది.

“ఇది ఇక్కడికి ఎప్పుడొచ్చింది?”

“నాకు తెలివొచ్చినప్పట్నుంచి ఉంది. అమ్మ తెచ్చిందంట. నాయన దీన్ని ఎవర్నీ తీసెయ్యనిచ్చేవాడు కాదు. ఒకసారి నా చెయ్యి జారి పలకా కుండా రెండూ కింద పడితే, కుండ పోతే పోయింది, పలకకేం కాలేదు గదా అన్నాడు. ఎనక్కు తిప్పు, గొర్రెల లెక్క ఉంటాది.”

తిప్పాను. వెనకవైపు పై అంచు నుంచి కింది దాకా వరసలు వరసలుగా నిలువు గీతలు.

“నేను అడివిలో ఉన్నన్నాళ్లూ ఇంటికాడ విడిచిన చూడి గొర్రెలు ఈనిన లెక్క గీసి పెట్టింది మీ అమ్మ అని ఎవరొచ్చినా చూపెట్టేవాడు నాయన,” అంటూ లక్ష్మి గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది.

ఆ పలకను పారేశానని అక్క నాతో చెప్పి ఇరవై ఆరేళ్లయింది. పారేయమన్నది నేనే. దాన్ని ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చున్నాను.

ఆ రోజుల్లో అక్క మార్కాపురంలో మా ఇంట్లోనే ఉండేది. బావ గొర్రెల మందతో ఏడాదిలో సగం నల్లమల అంచుల్లోనో, పంట కోసిన చేలల్లోనో తిరిగేవాడు. ఆయన వచ్చేదాకా అక్క చంటిపిల్లను అమ్మకు అప్పజెప్పి, పలకల ఫ్యాక్టరీలో రంపం మిషను మీద పనిచేసేది. నాది అదే షెడ్డులో పలకలు లెక్కపెట్టి కట్టలు కట్టించే పని. తొమ్మిదో తరగతితో నా చదువు ఆగింది గానీ అంకెల మీద ఆశ ఆగలేదు. చిత్తుకాగితాల దుకాణంలో దొరికిన అట్టలేని లెక్కల పుస్తకం ఒకటి నాకు గురువు. ఇవాళ చేను కొలవాలన్నా, గాబులో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పాలన్నా నాలుగు ఊళ్లవాళ్లు నన్ను పిలుస్తున్నారంటే ఆ పుస్తకం చలవే. ఏది కనిపించినా దాన్ని లెక్కగా మార్చుకుంటే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ అంతే. అది మంచి గుణమని చాలాకాలం అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క కనుబొమలు, రెప్పవెంట్రుకలు బూడిద రంగులో ఉండేవి. చీర దులిపితే వాకిట్లో చిన్న మబ్బు లేచేది. అమ్మ మమ్మల్ని లోపలికి రానివ్వకుండా గడప దగ్గరే చెరో బెల్లంముక్క చేతిలో పెట్టేది. బెల్లం తింటే గొంతులోని దుమ్ము కడుపులోకి జారిపోతుందని మా వీధంతా నమ్మేది. తర్వాత ఒకే చెంబెడు నీళ్లతో అక్క ముఖం, మెడ, చేతులు కడుక్కునేది. ఆ నీళ్లు కూడా కింద పోనివ్వకుండా కరివేపాకు మొక్క మొదట్లో వంచేది. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చే వీధి మాది. లోపల్నుంచి సంగటి ఉడికే వాసన, కిరసనాయిలు వాసన. వాటి మధ్యలో అక్క దగ్గర్నుంచి పలక వాసన. తడి తగిలిన పలకకు ఇనుమూ సున్నమూ కలిసినట్టు ఒక చల్లని వాసన ఉంటుంది. అర్ధవీడులో కుండ మూత ఎత్తినప్పుడు ముందు తగిలింది ఆ వాసనే. అంకెలు తర్వాత కనిపించాయి.

అక్కకు దేన్నయినా వేలి కణుపుతో కొట్టి చూసే అలవాటు. పలక పగుళ్లు కంటికి కనపడవు, చెవికి వినపడతాయి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది. అక్క ఇంట్లో ఇత్తడి బిందెల్నీ, సంతలో కుండల్నీ, నా నెత్తినీ కూడా కొట్టి వినేది. కుండలమ్మే ముసలాయన ఆమెను చూడగానే, “అమ్మా, కొట్టి కొట్టి నా కుండలకు చెవుడొస్తాంది. కొంటావా, పెండ్లిచూపులు చూసి పోతావా?” అనేవాడు. “మొద్దుగా పలికే పిల్లను నాకంటగట్టాలని చూడబాక తాతా,” అని అక్క ఇంకో రెండు కొట్టేది.

ఐర్లండు నుంచి ఓవెన్ అనే ఆయన మా షెడ్డుకు రావడానికి కారణం కూడా ఆ శబ్దమే. వాళ్ల దేశంలో ఇళ్లకు పలకలతోనే కప్పు వేస్తారట. ఆ ఆర్డరు మా ఫ్యాక్టరీకి వచ్చింది. ఒక్కో రాయినీ కొట్టి ఏరి పంపించడానికి ఆయన రెండున్నర నెలలు మార్కాపురంలో ఉన్నాడు. నెరిసిన గడ్డం, ఎండకు కందిపోయిన మెడ. మొదటి రోజు ఆయన కొట్టి చూసిన పలకల్నే, ఆయన ఏవి ఏరాడో చూడకుండా, అవతలివైపు కూర్చుని అక్క కూడా కొట్టి ఏరింది. నేను లెక్క తీశాను. రెండు వందల పలకల్లో ఇద్దరికీ ఒకే ఒక్క దాని దగ్గర తేడా వచ్చింది. ఆయన ఆ ఒక్కటి మళ్లీ కొట్టి విని, నవ్వి, అక్క ఏరిన వైపుకు జరిపాడు. అప్పట్నుంచి షెడ్డులో ఆడవాళ్లందరికీ ఆయన అన్న అయిపోయాడు.

కరెంటు పోయినప్పుడల్లా రంపాలు ఆగిపోయేవి. ఆ ఎండాకాలం రోజుకు నాలుగు గంటల కోత. అప్పుడు ఓవెన్ జేబులోంచి ఒక మౌతార్గాన్ తీసేవాడు. పన్నెండు రంధ్రాలు, కుడిపక్కన ఒక బొత్తాం. తిరణాళ్లలో దొరికే మౌతార్గాన్లకు బొత్తాం ఉండదు, అందుకని వాటిలో కొన్ని స్వరాలు పలకవు. ఇందులో బొత్తాం నొక్కితే ప్రతి స్వరం అరమెట్టు పైకి పోతుంది. దీన్ని క్రొమాటిక్ అంటారని ఇంగ్లీషు వచ్చిన మా గుమాస్తా అడిగి చెప్పాడు. ఓవెన్ వాయించేవి వాళ్ల ఊళ్ల పాటలు, చిందులకు వాయించేవి. ఎవరు కట్టారో తెలియదు, కాగితం లేదు, ఒకరి చెవిలోంచి ఇంకొకరి చెవిలోకి వచ్చినవి. అక్క మూడోసారి విన్నప్పుడు మొదటి పాటను నోటితో అనేసింది. ఓవెన్ మౌతార్గాన్ తువ్వాలుతో తుడిచి ఆమె చేతికిచ్చాడు.

నేను పక్కన కూర్చుని లెక్క తీశాను. పాటకు రెండు భాగాలు. ఒక్కో భాగం రెండుసార్లు. ఒక భాగానికి ఎనిమిది గళ్లు, గడికి ఆరు దెబ్బలు, మూడేసి చొప్పున రెండు జట్లు. రంధ్రానికి అంకె వేసి, ఊదితే పై బాణం, పీలిస్తే కింది బాణం, బొత్తాం నొక్కాల్సిన చోట సున్న చుట్టి, విరిగిన పలక మీద బలపంతో రాసుకున్నాను. వారంలో నేనూ వాయించగలిగాను. ఒక్క తప్పు పోలేదు. ఓవెన్ చివరిదాకా విని గుమాస్తాతో ఏదో అన్నాడు.

“నువ్వు వాయిస్తే ఇస్త్రీ చేసిన చొక్కా మాదిరుందంట,” అన్నాడు గుమాస్తా.

“నేను చెప్తే కోపమొచ్చె వీడికి,” అంది అక్క. “పలకలు లెక్కబెట్టినట్టు వాయిస్తాడు. ఒకటి, రెండు, మూడు, కట్ట కట్టు!”

“అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి గదక్కా. ఏడ తప్పింది?”

“తప్పలేదురా, నడక లేదు. నెత్తిన బరువు పెట్టుకోని పోయేటప్పుడు ఒక కాలి మీద రవ్వంత ఎక్కువసేపు ఆగుతాం జూడు. అట్ల ఉండాల. మొదటి దెబ్బ కాడ ఆగు, తక్కిన రెండూ వాటంతటవే వస్తాయి.”

ఆ రవ్వంత ఎంతో కనుక్కోవాలని నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. మూడో వంతా, నాలుగో వంతా? కడియం వేసుకున్న కాలితో అక్క నేల మీద తాళం వేస్తుంటే చూస్తూ కూర్చునేవాణ్ని. బొత్తాం మీద ఆమె వేలు పలక మీది నలుసును విదిలించినట్టు ఒక్క మెరుపులో తగిలి వచ్చేసేది. ఆ విదిలింపుకు స్వరం తుళ్లిపడేది. ఓవెన్ అది ఆమెకు నేర్పలేదు. “మా ఊళ్లో దీనికి ఏళ్లు పడుతుంది” అని మాత్రం అన్నాడట. బయట ఎండ మండిపోతుంటే మేమంతా నీడకని షెడ్డులోనే కూర్చునేవాళ్లం. రంపాలు ఆగినా దుమ్ము ఆగేది కాదు. రేకుల సందులోంచి పడే ఎండలో అది తేలుతూనే ఉండేది. ఆ గాలినే గుండెల నిండా పీల్చి పాట వాయించడం నేర్చుకున్నాం.

ఇంకో సంగతి రాయకుండా తప్పించుకోలేను. ఓవెన్ వెళ్లబోయే ముందు ఒకరోజు రంపాల దగ్గర నిలబడి, మా దేశంలో రాయిని తడుపుతూ కోస్తారు, పైన చిన్న గొట్టం పెడితే చాలు, దుమ్ము లేవదు అన్నాడు. గుమాస్తా ఆ మాట చెప్పగానే అందరూ నా వైపు చూశారు. లెక్కలవాణ్ని నేనే కదా. నేను బలపం తీశాను. మిషనుకు గంటకు రెండు బిందెలు, ఎనిమిది మిషన్లు, ఎనిమిది గంటలు, నూట ఇరవై ఎనిమిది బిందెలు. ఇంటికి రోజుకు ఎనిమిది బిందెలనుకుంటే పదహారు ఇళ్ల నీళ్లు. “పదహారు ఇండ్లవాళ్లను ఎండబెట్టి రాళ్లకు స్నానం చేయిస్తామా అన్నా?” అన్నాను. షెడ్డంతా నవ్వింది. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, తమ్ముడు ఇంత లెక్క నోటితో తేల్చాడని గర్వంగా. ఓవెన్ నవ్వలేదు. పలక మీది నా అంకెల్ని కాసేపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. లెక్క తప్పు కాదు. ఈ రోజుకీ వేసి చూస్తే అంతే వస్తుంది. తక్కెడలో అవతలివైపు ఏం వేయాలో నాకు తోచలేదు, అంతే.

పోయేటప్పుడు మౌతార్గాన్ అక్కకు ఇచ్చేశాడు. దాంతోపాటు తాను వాయించి పెట్టిన క్యాసెట్టు ఒకటి. పాటల పేర్లు రాసివ్వలేదు కాబట్టి పేర్లు మేమే పెట్టుకున్నాం. మొదట నేర్చుకున్న పాట పేరు, అక్క పెట్టింది, ‘మంద వాగు దాటేది’. బలపంతో రాసింది చెరిగిపోతోందని దాని మొదటి భాగాన్ని మాత్రం నా చేత మేకుతో గీయించుకుంది. మూడేళ్లలో పదిహేడు పాటలు నేర్చుకున్నాం. నేను రాసేవాణ్ని, అక్క నా రాతకు నడక నేర్పేది. బావ ఇంటికొచ్చినప్పుడు వాకిట్లో కూర్చుని విని, “మీ అక్కాతమ్ముళ్లు ఊదేది ఏ దేశం పాటో గానీ, నా గొర్రెలైతే చెవులు నిక్కబెడతాయబ్బా,” అనేవాడు.

మూడో ఏడు చలికాలంలో అక్క పాట మధ్యలో ఆగడం మొదలైంది. మొదట ఏడో గడిలో, తర్వాత ఆరో గడిలో. “మర్చిపోయినావా ఏంది?” అంటే, “మర్చిపోలేదురా, గాలి లోపలికి పోవడంలేదు,” అంది, గొంతు సవరించుకుంటూ. దగ్గు అప్పటికే ఉంది. ఆ షెడ్డులో దగ్గులేనిది ఎవరికి?

నేను పలక ముందేసుకుని కూర్చున్నాను. ఆ పాట డి అనే స్వరం మీద మొదలై దాని మీదే నిలబడే పాట. మా మౌతార్గాన్లో డి నుంచి పై డి దాకా ఎనిమిది మెట్లెక్కితే, అయిదుసార్లు పీల్చాలి, మూడుసార్లే ఊదాలి. భాగం మొత్తం నలభై ఎనిమిది దెబ్బల్లో పీల్చేవి ముప్ఫై ఒకటి, ఊదేవి పదిహేడు. అదే పాటను జి మీదికి జరిపితే మెట్లు నాలుగు పీల్చేవి, నాలుగు ఊదేవి అవుతాయి. మొత్తం మీద పీల్చేవి ఇరవై అయిదుకు దిగుతాయి. అది తేలినప్పుడు నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. ఒక మనిషికి గాలి లోపలికి పోవడంలేదు. నేను పాటను సరిచేశాను.

కొత్త పలక మీద జి లో రాసిచ్చాను. అక్క మెల్లగా వాయించింది. ఎనిమిది గళ్లూ దాటింది.

“సులువైందిరా,” అంది. “కానీ ఇది ఆ పాటేనా?”

“అదే. ఇల్లు మారినట్టు, అంతే.”

“ఇల్లు మారితే మనుషులు మారరు లే,” అని నవ్వింది.

“ఆ పాత పలక పారెయ్ అక్కా. రెండూ ఉంటే కలగాపులగం అయితాది.”

“పారేస్తాలే.”

రెండు రోజుల తర్వాత అడిగితే, “పారేసినా” అంది. నేను నమ్మాను. సమస్య తీరిందనుకున్నాను. పైగా షెడ్డులో గుమాస్తాకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆమె మాత్రం ఆ తర్వాత నా ఎదుట జి లోనే వాయించింది, రోజూ కొంచెం తక్కువసేపు. చేతులు నొప్పులు అనేది, లక్ష్మి ఏడుస్తోంది అనేది, పొయ్యి మీద కూర మాడుతోంది అనేది. ప్రతిసారీ కారణం సబబుగానే ఉండేది. ఆ ఎండాకాలం పని మానేసి అర్ధవీడు వెళ్లింది, అత్తగారింట్లో గాలి మంచిదని.

వానలు మొదలయ్యాక బావా నేనూ ఆమెను ఒంగోలులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఎక్స్-రే వెలుతురుకు పెట్టి చూసి, “ఏం పని చేసేదానివమ్మా?” అని అడిగాడు. చెప్పింది. ఆయన ఎక్స్-రే పక్కన పెట్టాడు. వెనక్కి తిరగమని, వీపు మీద ఒక చెయ్యి ఆనించి, దాని మీద రెండో చేతి వేలితో తట్టి విన్నాడు. పైనుంచి కిందికి, కుడివైపూ ఎడమవైపూ. బావ మందుల చీటీ తీసుకుంటుండగా అక్క నన్ను పట్టుకుని వరండాలోకి నడిచింది. బల్ల మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది.

“నేనూ విన్నానురా,” అంది. “మొద్దుగా పలికింది.”

సంక్రాంతి దాకా ఉండలేదు. ముప్ఫై ఏళ్లు. ఆమె వయసు నేను వేళ్ల మీద కూడా లెక్కపెట్టదలచుకోలేదు గానీ ఆ అంకె తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మౌతార్గాన్ నా దగ్గరే ఉంది. ఏడాదికోసారి పెట్టె తెరిచి తుడిచి పెడతాను. ఆమె ఊపిరి తగిలిన చోట నా ఊపిరి పెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు నాకు యాభై. మార్కాపురంలో చాలా రంపాల మీద సన్నటి గొట్టం ఉంది, నీళ్లు చుక్కచుక్కగా పడతాయి, రాయి నల్లటి బురదగా కారుతుంది. ఆమధ్య ఒక షెడ్డుకు గాబు కొలవడానికి పోయి, ఆ గొట్టం కింద బిందె పెట్టించి గంటసేపు నిలబడ్డాను. బిందె నిండలేదు. గంటకు రెండు బిందెలని ఆనాడు ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే వేసుకున్నాను.

ఇదంతా అనుకుంటూ వసారాలో పలక వెనకవైపు చూస్తున్నాను. గీతలు మొదట గొర్రెల లెక్కలాగే కనిపించాయి. కానీ బావ మందలో ఈనే కాలంలో రోజుకు ఇరవై కూడా ఈనేవి. ఇక్కడ ఏ వరసలోనూ ఎనిమిదికి మించి లేవు. మొదటి వరస ఎనిమిది. రెండోది ఎనిమిది. మూడోది ఏడు. మళ్లీ ఎనిమిది, ఆ ఎనిమిదో గీత లోతుగా, పట్టుబట్టి గీసినట్టుంది. తర్వాత ఏడు, ఆరు, ఆరు, అయిదు. పలక తిప్పాను. గళ్లు ఎనిమిది. డి లో రాసిన పాట. మళ్లీ తిప్పాను. నాలుగు, నాలుగు, మూడు. పంతొమ్మిది వరసలు. ఆఖరి వరసలో రెండు గీతలున్నాయి, మూడోది మొదలై సగంలో ఆగిపోయింది.

నాకు సులువు చేసిన పాట వినిపిస్తూ, ఎవరూ లేనప్పుడు ఆమె అసలు పాటనే వాయించుకుంది. ఆగకుండా ఎన్ని గళ్లు దాటగలిగిందో గీసి పెట్టుకుంది. లెక్కపెట్టడం నా దగ్గరే నేర్చుకుంది. ఆ లెక్కను నాకే కనపడకుండా దాచింది.

పెదవులు మూసుకునే, మౌతార్గాన్ లేకుండా, అంకెల వెంట ఊపిరి నడిపించాను. పీల్చు, ఊదు, పీల్చు. మొదటి దెబ్బ దగ్గర రవ్వంత ఆగాను. రెండు గళ్లు దాటాక ముందుకు పోలేకపోయాను.

“ఏంది మామా, లెక్క తేలిందా? ఎన్ని గొర్రెలు?” లక్ష్మి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“గొర్రెలు కాదమ్మా,” అన్నాను. చెప్పాను. పాట, గళ్లు, పీల్చడం, ఊదడం, నేను పారేయమనడం. నూట ఇరవై ఎనిమిది బిందెల సంగతి కూడా దాచలేదు. ఆమె ఆఖరి వరస మీద వేలు పెట్టి ఆ సగం గీతను తడిమింది. తల్లి పోయేనాటికి లక్ష్మికి అయిదేళ్లు.

“నాయనకు గొర్రెలని తెలుసు. అట్లనే పోయినాడు,” అంది చివరికి. “పోనీలే.”

బస్సుకు వేళవుతోంది. “దీన్ని నేను తీసుకుపోతా లక్ష్మీ. నీ కుండకు మార్కాపురంలో మంచి పలక కోయించి పంపిస్తా. కొట్టి చూసే పంపిస్తా,” అన్నాను.

ఆమె పలకను ఒక పాత తువ్వాలులో చుట్టి నా సంచిలో పెట్టింది. గేటు దాకా వచ్చి, నేను రోడ్డెక్కాక వెనకనుంచి పిలిచింది.

“మామా, ఎవరి చేత కోయించినా, తడిపి కోయమను.”